టీవీ కంటే ముందు టేపు: పది బై పదకొండు గదిలో గేమింగ్ సెటప్

గేమింగ్ రూమ్ అంటే మన అపార్ట్‌మెంట్లలో చాలావరకు పిల్లల బెడ్‌రూమో, చుట్టాలొస్తే ఖాళీ చేసి ఇచ్చే మూడో గదో. పది బై పదకొండు అడుగులు, ఒక కిటికీ, ఒక గోడంతా వార్డ్‌రోబ్. అలాంటి గదిలో ప్లేస్టేషన్ 5 గానీ, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ గానీ పెట్టుకోవాలంటే ఏం కొనాలో, ఏ వరసలో కొనాలో చూద్దాం. ఇక్కడ వరసే ముఖ్యం. సేల్ వచ్చిందని ముందు టీవీ కొనేసి, తర్వాత దానికి తగ్గ గోడ వెతుక్కునేవాళ్లు ఎక్కువ. ముందు గది, తర్వాత కూర్చునే చోటు, తర్వాత కన్సోల్. టీవీ నాలుగోది.

1. కంటి నుంచి గోడకు కొలవండి

గది పొడవు కాదు, మీ కళ్ల నుంచి తెర దాకా ఉండే దూరం కావాలి. పదకొండు అడుగుల గదిలో సోఫా వెనక గోడకు ఆనించినా తల గోడకు రెండడుగుల ఇవతల ఉంటుంది. టీవీని గోడకు బిగిస్తే నాలుగైదు అంగుళాలు, యూనిట్ మీద కాళ్లతో నిలబెడితే అడుగు దాకా పోతుంది. చేతిలో మిగిలేది ఎనిమిది, ఎనిమిదిన్నర అడుగులు.

ఆ దూరాన్ని అంగుళాల్లోకి మార్చి ఒకసారి 1.6తో, ఒకసారి 1.2తో భాగించండి. మీ గదికి తగిన టీవీ సైజు ఆ రెండు సంఖ్యల మధ్య ఉంటుంది. ఎనిమిది అడుగులంటే 96 అంగుళాలు, కాబట్టి 60 నుంచి 80 వరకు. అంటే 65 సరిగ్గా సరిపోతుంది, 55 కాస్త చిన్నది, 75 కూడా పట్టేస్తుంది. ఏడడుగులైతే 55 గానీ 65 గానీ. అయిదడుగుల్లో బీన్ బ్యాగ్ వేసుకుని కూర్చుంటారంటే 43 లేదా 48 చాలు. తుపాకీ ఆటలు, ఫుట్‌బాల్ ఆడేవాళ్లు చిన్న సంఖ్య వైపు మొగ్గండి. మూలలో ఉన్న మ్యాపు, స్కోరు చూడటానికి తల తిప్పాల్సి రాకూడదు. కథ నడిచే ఆటలు, మధ్యలో సినిమాలు అయితే పెద్దదే బాగుంటుంది.

గోడ వెడల్పు కూడా చూసుకోండి. 55 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 122 సెంటీమీటర్లు, 65ది 145, 75ది 167. వార్డ్‌రోబ్ తలుపు తెరుచుకునే జాగా వదిలాక మిగిలినదే మీ గోడ.

ఎత్తు దగ్గర ఇంటీరియర్ వాళ్ల మాట వినకండి. వాళ్లు నిలబడి చూస్తే బాగుండేలా అయిదడుగుల ఎత్తులో బిగిస్తారు. మీరు రెండు గంటలు కూర్చుని ఆడతారు. సోఫాలో కూర్చుంటే కళ్లు నేల నుంచి సుమారు 100 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. తెర మధ్యభాగం ఆ ఎత్తుకే రావాలి. 65 అంగుళాల టీవీ ఎత్తు 80 సెంటీమీటర్ల పైచిలుకు కాబట్టి కింది అంచు నేలకు రెండడుగుల ఎత్తులోనే ఉంటుంది. చూడ్డానికి మరీ కిందికి ఉన్నట్టు అనిపిస్తుంది, కూర్చున్నాక సరిపోతుంది.

కిటికీ ఎదురుగోడకు టీవీ పెడితే మధ్యాహ్నమంతా తెరలో కిటికీయే కనిపిస్తుంది. కిటికీ వెనకనే పెడితే వెలుతురు కళ్లలో కొడుతుంది. కిటికీకి పక్క గోడ మంచిది. అది కుదరకపోతే బ్లాకౌట్ కర్టెన్ ఖర్చును టీవీ బడ్జెట్‌లోనే కలుపుకోండి.

2. మీరు ఆడేదేమిటి?

120 హెర్ట్జ్ (తెర సెకనుకు 120 సార్లు బొమ్మ మార్చడం) అందరికీ అవసరం లేదు. కన్సోల్ ఆటల్లో ఎక్కువ భాగం సెకనుకు 30 లేదా 60 ఫ్రేములతోనే నడుస్తాయి. ఇంట్లో ఫుట్‌బాల్, క్రికెట్, కార్ల రేసులు, కథల ఆటలు మాత్రమే నడుస్తుంటే, ఆలస్యం తక్కువగా ఉండే మంచి 60 హెర్ట్జ్ టీవీ కొనుక్కుని మిగిలిన డబ్బు పెద్ద తెరకో సౌండ్‌బార్‌కో పెట్టండి. ఆన్‌లైన్లో తుపాకీ ఆటలు ఆడేవాళ్లకు 120 హెర్ట్జ్ తేడా చేతికే తెలుస్తుంది. 60 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది, 120లో 8.3.

బల్ల ముందు కూర్చుని మూడు నాలుగు అడుగుల దూరం నుంచి ఆడేవాళ్లకు అసలు టీవీయే అక్కర్లేదు. 27 అంగుళాల 1440పి (4కె కంటే ఒక మెట్టు తక్కువ స్పష్టత) మానిటర్ సరిపోతుంది. ప్లేస్టేషన్ 5కు 1440పి 2022 సెప్టెంబరు అప్‌డేట్‌తో వచ్చింది. అయితే ఒక్క మెలిక ఉంది. వీఆర్‌ఆర్ అంటే ఆట ఫ్రేముల వేగానికి తగ్గట్టు తెర వేగం మారడం, ఫ్రీసింక్ అందులో ఒక పద్ధతి. పెట్టె మీద ఫ్రీసింక్ అని ఉన్నంత మాత్రాన ప్లేస్టేషన్‌తో వీఆర్‌ఆర్ పనిచేయదు. దానికి హెచ్‌డీఎంఐ (కన్సోల్‌ను తెరకు కలిపే తీగ) 2.1 పద్ధతి వీఆర్‌ఆరే కావాలి. ఎక్స్‌బాక్స్ మాత్రం రెండింటితోనూ పనిచేస్తుంది.

3. టీవీ: కార్డు మీద రాసింది, లోపల ఉన్నది

షోరూమ్‌లో టీవీ పక్కన పెట్టే కార్డులో పది గుర్తులుంటాయి. అందులో ఎక్కువ భాగం పేరు గొప్ప ఊరు దిబ్బ. కింద చెప్పిన వాటినే అడగండి, ఇదే క్రమంలో.

*ప్యానెల్ నేటివ్ రిఫ్రెష్ రేట్ ఎంత?* 'మోషన్ రేట్ 240', 'ఎంఈఎంసీ 120' అంటే 60 హెర్ట్జ్ ప్యానెలే కావచ్చు. మధ్యలో లేని ఫ్రేములను టీవీయే ఊహించి కలుపుతుంది. క్రికెట్ మ్యాచ్‌కు అది ఫర్వాలేదు. ఆటకు మాత్రం హాని, ఎందుకంటే ఆ ఊహకు పట్టే సమయమంతా మీ బటన్‌కూ తెరకూ మధ్య ఆలస్యంగా చేరుతుంది. ఇంకో మాయ 'డీఎల్‌జీ 120 హెర్ట్జ్'. ఇందులో 60 హెర్ట్జ్ ప్యానెల్ నిలువు దిశలో స్పష్టతను సగానికి తగ్గించి 120 చూపిస్తుంది. నిజానికి తక్కువ ధరలో అది చెడ్డ బేరమేమీ కాదు, కానీ దాన్ని అసలు 120 ధరకు కొనకూడదు. 43 అంగుళాల సైజులో అసలైన 120 దొరకడం అరుదని కూడా గుర్తుంచుకోండి.

*4కె 120 (4కె స్పష్టతతో 120 హెర్ట్జ్) తీసుకునే పోర్టులు ఎన్ని, ఏవి?* పెట్టె మీద హెచ్‌డీఎంఐ 2.1 అని ఉంటే సరిపోదు. హెచ్‌డీఎంఐ లైసెన్సింగ్ సంస్థ లెక్కలో 2.0 అనే పేరే ఇప్పుడు లేదు. పాత 2.0 సామర్థ్యమే ఉన్న పోర్టుకు కూడా 2.1 పేరు పెట్టుకోవచ్చు, 4కె 120 వంటివి అందులో ఐచ్ఛికం. అందుకే పేరు వదిలేసి 'ఏ పోర్టులో 4కె 120 వస్తుంది?' అని అడగండి. టీవీ వెనక పోర్టు పక్కనే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. పాత 2.0 పోర్టు దారి సెకనుకు 18 గిగాబిట్లు, పూర్తి 2.1ది 48. ప్లేస్టేషన్ 5 గరిష్ఠంగా 32, సిరీస్ ఎక్స్ 40 పంపుతాయి.

నాలుగు పోర్టులున్న చాలా టీవీల్లో రెండిటికే ఈ సామర్థ్యం ఉంటుంది. పైగా ఆ రెండిట్లో ఒకటి సౌండ్‌బార్ పెట్టే ఈఆర్క్ పోర్టే అయి ఉంటుంది. సౌండ్‌బార్ దాన్ని ఆక్రమించాక మిగిలేది ఒక్కటే. ఇంట్లో రెండు కన్సోళ్లుంటే, లేదా గేమింగ్ పీసీ కూడా కలుపుతారంటే, ఇది కొన్న రోజు కాదు, కొనకముందే తెలియాలి.

*గేమ్ మోడ్‌లో ఇన్‌పుట్ లాగ్ ఎంత?* బటన్ నొక్కాక తెర మీద కనపడే దాకా పట్టే ఆలస్యం ఇది. ఈ సంఖ్యను కంపెనీలు చాలావరకు రాయవు. పరికరం పెట్టి కొలిచి చెప్పే సమీక్షల్లో వెతకండి. 60 హెర్ట్జ్‌లో 10–15 మిల్లీసెకన్లుంటే చక్కటిది. 30 దాటితే తుపాకీ ఆటల్లో ఇబ్బంది. గేమ్ మోడ్ తీసేస్తే అదే టీవీ వంద దాటవచ్చు. 'ఆట స్లోగా ఉంది' అనే ఫిర్యాదుల్లో చాలా వాటికి కారణం ఆ ఒక్క మీట వేయకపోవడమే. ఏఎల్‌ఎల్‌ఎం అనే సదుపాయం ఉంటే కన్సోల్ వెలగగానే గేమ్ మోడ్ దానంతటదే వస్తుంది.

*వీఆర్‌ఆర్ ఉందా?* ఫ్రేముల వేగం అటూ ఇటూ అయినప్పుడు తెర చిరిగినట్టు కనపడకుండా ఇది కాపాడుతుంది. ప్లేస్టేషన్‌లో ఇది 48 నుంచి 120 హెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది. కాబట్టి 60 హెర్ట్జ్ టీవీలో వీఆర్‌ఆర్ ఉన్నా మిగిలేది 48–60 అనే సన్నటి సందే.

ఇక ప్యానెల్ రకం. పగలు వెలుతురు పడే గదికి మినీ ఎల్‌ఈడీ, కర్టెన్లు వేసి చీకట్లో ఆడేవాళ్లకు ఓఎల్‌ఈడీ. ఓఎల్‌ఈడీలో నలుపు నలుపుగానే ఉంటుంది, కదలిక మరకలు పడవు. ఒకే ఆట రోజూ నాలుగు గంటలు ఆడితే మాత్రం స్కోరు పట్టీ, ప్రాణాల గీత ఉన్నచోట మచ్చ పడే ప్రమాదం ఉంది. అదే టీవీలో పగలంతా న్యూస్ చానల్ స్క్రోలింగ్ కూడా నడిచే ఇల్లయితే ఓఎల్‌ఈడీ జోలికి వెళ్లకండి. ఆ మచ్చ సాధారణంగా వారంటీలోకి రాదు. మామూలు ఎల్‌ఈడీల్లో వీఏ ప్యానెల్ నలుపు బాగా చూపిస్తుంది కానీ పక్క నుంచి చూస్తే రంగు వెలిసినట్టుంటుంది. ఐపీఎస్ దీనికి సరిగ్గా వ్యతిరేకం. ముగ్గురు నలుగురు పక్కపక్కన కూర్చుని ఆడే ఇంటికి ఐపీఎస్, ఒక్కరే ఎదురుగా కూర్చుంటే వీఏ.

డాల్బీ విజన్ (వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్‌లో ఒక రకం) గుర్తు కోసం ప్లేస్టేషన్ యజమానులు అదనంగా ఖర్చు పెట్టనక్కర్లేదు. ఆ కన్సోల్ హెచ్‌డీఆర్10 మాత్రమే ఇస్తుంది. ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లలో డాల్బీ విజన్ ఆటలున్నాయి. 8కె మాట పూర్తిగా మర్చిపోండి.

ధరల సంగతికొస్తే, 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం బదులు 18 శాతం అయింది. అంతకుముందు అచ్చేసిన ఎంఆర్‌పీ మీద 'భారీ తగ్గింపు' చూపిస్తుంటే ఆ తేడా తీసేసి లెక్క చూడండి. కన్సోల్ కొనేటప్పుడు బిల్లు మీద భారత్ వారంటీ ఉందో లేదో చూడండి. విదేశాల నుంచి తెచ్చి అమ్మే పీస్ కాస్త చవకగా దొరుకుతుంది, చెడిపోయిన రోజున ఆ ఆదా కరిగిపోతుంది.

4. గోడకు బిగించడం

హైదరాబాద్‌లో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్లలో గోడ మూడు రకాలు. మైవాన్ పద్ధతిలో పోసిన కాంక్రీటుకు హ్యామర్ డ్రిల్ తప్పనిసరి, ఒకసారి పట్టిందంటే కదలదు. ఎర్ర ఇటుక గోడకు మామూలు గిట్టీలు చాలు. చిక్కంతా తేలికపాటి ఏఏసీ బ్లాకులతోనే. గోటితో గీకినా పొడి రాలే ఆ బ్లాకులో మామూలు ప్లాస్టిక్ గిట్టీ కొన్నాళ్లకు వదులవుతుంది. వాటికోసమే తయారయ్యే పొడవాటి నైలాన్ యాంకర్లు గానీ, కెమికల్ యాంకర్లు గానీ వాడాలి. రంధ్రం వేసేటప్పుడు హ్యామర్ ఆపేసి మామూలు తిప్పుడుతోనే వేయమనండి. డ్రిల్ వేస్తుంటే తెల్లటి మెత్తటి పొడి, కాస్త ఒత్తగానే లోపలికి జారిపోవడం కనిపిస్తే అది ఏఏసీయే. గోడ మీద పీవీసీ ప్యానెల్ గానీ ప్లైవుడ్ గానీ ఉంటే బరువు దాని మీద వేయకండి. బోల్టు దాన్ని దాటి గోడలోకి దిగాలి.

ఇంటీరియర్ పని ఇంకా మొదలవకపోతే టీవీ వెనక నుంచి కింది యూనిట్ దాకా 2 అంగుళాల పీవీసీ పైపు వేయించండి. ఎలక్ట్రీషియన్ అలవాటుగా 1 అంగుళం పైపు వేస్తాడు. అందులో హెచ్‌డీఎంఐ మొన మలుపు తిరగదు. తర్వాత గోడ పగలగొట్టడం తప్ప దారి ఉండదు. ఒక క్యాట్6 నెట్ కేబుల్ కూడా అప్పుడే లాగేయండి.

5. కేబుల్

ప్లేస్టేషన్ 5 పెట్టెలో వచ్చే కేబులే మంచిది, దాన్నే వాడండి. అది చాలకపోతే 'అల్ట్రా హై స్పీడ్' ధ్రువీకరణ స్టిక్కరు ఉన్నదే కొనండి. ఆ స్టిక్కరు మీది కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేసి అసలుదో నకిలీదో చూసుకోవచ్చు. మామూలు రాగి కేబుల్ మూడు మీటర్ల దాకా నమ్మకంగా పనిచేస్తుంది. అంతకు మించితే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ తీసుకోండి. దానికి దిశ ఉంటుంది. 'సోర్స్' అని రాసిన కొస కన్సోల్‌కు, 'డిస్‌ప్లే' అని రాసింది టీవీకి. తిరగేసి గోడలోకి లాగేస్తే తెర నల్లగానే ఉంటుంది. లాగకముందే నేల మీద పరిచి ఒకసారి పెట్టి చూడండి.

కేబుల్ సరిగ్గా లేదనడానికి గుర్తులు: నిమిషానికోసారి తెర నల్లబడి తిరిగి రావడం, తెల్లటి చుక్కలు మెరవడం, 120 పెట్టగానే బొమ్మ పోయి 60కి దించితే రావడం.

6. సౌండ్

సౌండ్‌బార్‌లోంచి కన్సోల్‌ను దాటించి టీవీకి కలపకండి. చాలా సౌండ్‌బార్లు 4కె 120ని దాటనివ్వవు. కన్సోల్ నేరుగా టీవీకి, టీవీ ఈఆర్క్ పోర్టు నుంచి సౌండ్‌బార్‌కు. పదడుగుల గదిలో 5.1 సెట్ (అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) దండగ. వెనక స్పీకర్లు పెట్టడానికి సోఫా వెనక జాగానే ఉండదు, అవి చెవి పక్కనే మోగుతుంటాయి. మంచి 2.1 లేదా 3.1 బార్ చాలు. సబ్‌వూఫర్ కింద మందపాటి రబ్బరు గానీ ఫోమ్ గానీ వేయండి. కింది ఫ్లాట్‌వాళ్లు రాత్రి పదకొండింటికి తలుపు కొట్టరు.

హెడ్‌సెట్ కొనేవాళ్లకు ఒక్క మాట. ప్లేస్టేషన్ 5 గానీ ఎక్స్‌బాక్స్ గానీ మామూలు బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌ను నేరుగా తీసుకోవు. టీవీ బ్లూటూత్‌కు కలపొచ్చు కానీ తుపాకీ పేలాక కాసేపటికి చప్పుడొస్తుంది. కంట్రోలర్‌కు కింద ఉండే 3.5 ఎంఎం రంధ్రంలో తీగ హెడ్‌సెట్ పెట్టుకోవడమే చవకైన, ఆలస్యం లేని దారి. తీగ వద్దనుకుంటే సొంత యూఎస్‌బీ డాంగిల్‌తో వచ్చేవి, మీ కన్సోల్ పేరు పెట్టె మీద ఉన్నవి చూసి కొనండి.

7. కరెంటు, వేడి

మన దగ్గర హెచ్‌డీఎంఐ పోర్టులు కాలిపోవడానికి పిడుగే కాదు, కేబుల్ టీవీ తీగ కూడా కారణం కావచ్చు. కన్సోళ్లకు పవర్ తీగ కొస రెండు పిన్నులదే, సొంత ఎర్త్ ఉండదు. సెట్‌టాప్ బాక్సు తీగలో వీధిలోంచి లీకేజీ వస్తుంటే, కరెంటు ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ గుచ్చిన క్షణంలో ఆ తేడా అంతా పోర్టులోంచే పోతుంది. టీవీ వెనక లోహం తాకితే చేయి జివ్వుమంటోందా? ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సాకెట్ ఎర్తింగ్ చూపించండి. హెచ్‌డీఎంఐ పెట్టేటప్పుడు, తీసేటప్పుడు రెండు వైపులా ప్లగ్గులు పీకేయడం అలవాటు చేసుకోండి. మే నెల గాలివాన మొదలవగానే పవర్‌తోపాటు నెట్ కేబుల్, డిష్ తీగ కూడా తీసేయాలి.

కరెంటు కోతకు: కన్సోల్ 200–220 వాట్లు, 65 అంగుళాల టీవీ 150 దాకా, రౌటర్ 15. మొత్తం 400 వాట్లకు కాస్త అటూ ఇటూ. కంప్యూటర్లకు వాడే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లే ఇస్తుంది, కరెంటు పోగానే కుయ్యిమని పడిపోతుంది. 1000 వీఏ, 600 వాట్లది తీసుకోండి. ఆట సేవ్ చేసి ఆపుకోవడానికి సరిపడా నిమిషాలు దొరుకుతాయి. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేటట్టయితే అది సైన్ వేవ్‌దై ఉండాలి, వెనక మీట 'యూపీఎస్ మోడ్'లో ఉండాలి. మామూలు మోడ్‌లో మారే ఆ కాస్త సందులోనే కన్సోల్ ఆగిపోతుంది. కోతలు ఎక్కువున్న ఊళ్లో రెస్ట్ మోడ్ (కన్సోల్‌ను ఆపకుండా నిద్రపుచ్చడం) వాడకుండా పూర్తిగా ఆపేయండి.

ప్లేస్టేషన్ 5 పనిచేయడానికి సోనీ చెప్పిన ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం రెంటచింతలలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో ఆ హద్దు కన్సోల్ పెట్టకముందే దాటిపోతుంది. గాజు తలుపున్న అరలో పెట్టకండి, చుట్టూ కనీసం 10 సెంటీమీటర్లు ఖాళీ వదలండి. కార్పెంటర్ 'వెనక చిన్న రంధ్రం పెడతా' అంటే ఒప్పుకోకండి, వెనక చెక్కే వద్దనండి.

8. స్టోరేజి, నెట్

పెద్ద ఆట ఒక్కటి 100 జీబీ ఉంటుంది. 100 ఎంబీపీఎస్ లైనులో అది దిగడానికి రెండుంపావు గంటలు, అదీ వేగం నిలకడగా ఉంటే. వైఫైతో సరిపెట్టుకునేవాళ్లు 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కే కలపండి, వీలైతే క్యాట్6 కేబులే. ప్లేస్టేషన్‌కు అదనపు స్టోరేజి కావాలంటే జెన్4 ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, చదివే వేగం సెకనుకు 5,500 మెగాబైట్ల పైన, హీట్‌సింక్ ఉన్నది. హీట్‌సింక్‌తో కలిపి మందం 11.25 మిల్లీమీటర్లు దాటితే మూత పట్టదు.

9. మొదటి రోజు

డెలివరీ వచ్చినప్పుడు పెట్టె నిలువుగా ఉందో పడుకోబెట్టి తెచ్చారో చూడండి. సీలు విప్పడం దగ్గర్నుంచి ఫోన్‌లో వీడియో తీయండి. వెలిగించగానే పూర్తి తెలుపు, పూర్తి బూడిద రంగు, పూర్తి నలుపు బొమ్మలు యూఎస్‌బీ నుంచి చూపించి చచ్చిన చుక్కలు, నిలువు చారలు ఉన్నాయేమో చూడండి. ఫిట్టింగ్ చేసే అబ్బాయి వెళ్లకముందే చూడాలి.

తర్వాత టీవీ సెట్టింగ్స్‌లో కన్సోల్ పెట్టిన పోర్టుకు పూర్తి వేగం తెరవాలి. ఇది చాలా టీవీల్లో మొదట మూసి ఉంటుంది. శామ్‌సంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, ఎల్‌జీలో హెచ్‌డీఎంఐ డీప్ కలర్, సోనీలో ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ అని వెతకండి. గేమ్ మోడ్ వేయండి. పవర్ సేవింగ్, మోషన్ స్మూతింగ్ తీసేయండి. హెచ్‌జీఐజీ (హెచ్‌డీఆర్ వెలుగును టీవీ మార్చకుండా కన్సోల్‌కే వదిలేసే పద్ధతి) అనే ఎంపిక ఉంటే అదే పెట్టి, ఆ తర్వాత కన్సోల్‌లో హెచ్‌డీఆర్ సర్దుబాటు చేయండి. గుర్తు కనిపించీ కనిపించకుండా ఉన్నచోట ఆపాలి. ఈ రెండూ తారుమారు చేస్తే ఎండ ఉన్న సన్నివేశాల్లో ఆకాశమంతా సున్నం కొట్టినట్టుంటుంది.

ప్లేస్టేషన్‌లో స్క్రీన్ అండ్ వీడియోలోకి వెళ్లి 120 హెర్ట్జ్, వీఆర్‌ఆర్ రెండూ ఆటోమేటిక్‌లో ఉన్నాయో చూడండి. గేమ్ ప్రీసెట్స్‌లో పెర్ఫార్మెన్స్ మోడ్ ఎంచుకోండి. 120 ఉన్న ఆట ఒకటి తెరిచి, అది నడుస్తుండగా వీడియో అవుట్‌పుట్ సమాచారం పేజీ చూడండి. అక్కడ 120 హెర్ట్జ్ అని రాకపోతే ముందు పోర్టు మార్చండి, తర్వాత కేబుల్, ఆ తర్వాతే టీవీని అనుమానించండి.